దొరసాని పుస్తకంలో నేను రాయని సంగతి

నాకొక జబ్బుంది. అడిగినా అడగకపోయినా సలహా చెప్పే జబ్బు. పామిడి చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక అది మరీ ముదిరింది. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆమెకైనా సరే, చంకలో బిడ్డకు ఎండ తగలకుండా కొంగు ఎలా కప్పాలో చెప్పకపోతే నాకు ఊపిరాడదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మా ఆయన ఉన్నన్నాళ్ళూ దెప్పుతూనే పోయాడు. దెప్పనీ. కానీ నా సలహా వల్ల ఒక మనిషికి ఉన్న ఇల్లు పోయేంత పని జరుగుతుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ మనిషి ఇంగ్లండు ఆమె. అరవై దాటిన వయసు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మా ఎండకు ఎర్రబడి పొట్టు రేగిన ముక్కు. నడక సరిగా రాని పిల్లలకు కాళ్ళూ చేతులూ వంచి, చాపి, కసరత్తు చేయించి నిలబెట్టడం ఆమె విద్య. మా ఊరి బయట అలాంటి పిల్లల కోసం ఒక చిన్న కేంద్రం నడుస్తోంది. అక్కడికి వచ్చే తల్లులకు ఆ విద్య నేర్పడానికి ఒక ఏడాది ఉందామని వచ్చింది. ఊళ్ళో అందరికీ ఆమె దొరసాని. నాక్కూడా అదే నోటికి అలవాటైంది.

ఇంగ్లీషు టీచర్నని ఆమెకు ఇల్లు చూసే పని నా నెత్తిన పెట్టారు. నాలుగు వీధులు తిరిగాను. "ఒంటరి ఆడమనిషి, మాకెందుకప్పా" అని ఒకరు. "ఏం వండుకుంటాదో ఏమో" అని ఇంకొకరు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడుంటున్నారో ఇంటివాళ్ళు సంతకం పెట్టి ప్రభుత్వానికి చెప్పాలి కదా, ఆ కాగితం చూడగానే మిగిలినవాళ్ళు తలుపేసుకున్నారు. చివరికి మా పెద్దమ్మ దగ్గరికి పోయాను. పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, మా పక్కిల్లే. మేడమీద రెండు గదులు ఊరికే పడి ఉన్నాయి.

"నీ మాట మీద ఇస్తాండా. రేపు ఏమన్నా అయితే నీ జుట్టు పట్టుకుంటా" అంది.

"పట్టుకునేకి జుట్టు యాడుండాది పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వుకుంటూ సంతకం పెట్టింది. ఆ సంతకం మీదే దొరసాని ఊళ్ళో ఉండడం ఆధారపడింది. ఇల్లు పోతే కాగితం పోతుంది. ఇంకో ఇల్లు దొరకదని నా కాళ్ళకు తెలుసు. అంటే ఇంగ్లండుకు తిరుగుదారే.

దిగిన వారానికి నన్ను పైకి పిలిచి టీ ఇచ్చి, పెట్టెలోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి తీసింది. (మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. మీకోసం తెలుగులో చెబుతున్నాను.) భర్త ఉన్నప్పుడు వాళ్ళిద్దరూ ఇంగ్లండు వదిలి ఫ్రాన్సులో ఒక పల్లెలో పదేళ్ళకు పైగా కాపురం ఉన్నారట. అక్కడ అడుగుపెట్టిన కొత్తలో, పక్క ఊళ్ళో ఎప్పుడో స్థిరపడిన ఒక ఇంగ్లండు ముసలమ్మ, ఆ దేశంలో ఎలా మసలుకోవాలో తన చేత్తో రాసి ఇచ్చిన పుస్తకం అది. దొరసాని ఒక్కొక్కటే చదివి వినిపించింది.

పన్నెండు నుంచి రెండు దాకా ఎవరికీ ఫోన్ చేయొద్దు, ఏ ఆఫీసు తలుపూ తట్టొద్దు, అది భోజనం వేళ. కరెంటు బిల్లు ఒక్కటి కూడా పారేయొద్దు, ఏళ్ళ తర్వాతైనా అడుగుతారు. ఆదివారం పూట గడ్డి కోసే మిషను నడిపితే పక్కింటాయన కొట్లాటకు వస్తాడు. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే చెప్పిన గంటకు ఠంచనుగా పోవద్దు, ఇంటామెకు కాస్త ఊపిరి తీసుకోనివ్వు. చీజు ముక్క పళ్ళెంలో వస్తే కొస తెంపుకోవద్దు, పక్క నుంచి కోసుకో, కొస రుచి అందరికీ అందాలి.

"మా మండలాఫీసుకు పన్నెండున్నరకు పోయి చూడు, ఫ్రాన్సు అక్కడే కనబడుతుంది" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. పుస్తకం వెనకాల సగం పేజీలు తెల్లగా ఉన్నాయి. వాటిని తిప్పి నా ముందు పెట్టింది.

"ఈ పేజీల్లో మీ ఊరి సంగతులు రాసివ్వండి టీచర్."

కోతికి కొబ్బరికాయ దొరికింది! ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. చెప్పులు గడప బయట. ఇచ్చేదీ పుచ్చుకునేదీ కుడి చేత్తో. తింటివా అని ఎవరైనా అడిగితే భోజనానికి పిలుస్తున్నారని లేచి పోవద్దు, అది పలకరింపు. బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద టవల్ వెయ్యి, వేసినవాళ్ళదే సీటు. ఏ కాగితమైనా మూడు జిరాక్సులు. ఏప్రిల్ వచ్చాక మధ్యాహ్నం మేడ మీద బండల మీద ఒట్టి కాళ్ళతో అడుగు పెట్టావో, అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. అన్నిటికన్నా పైన, మొట్టమొదట, నీళ్ళ సంగతి. "ఇది కరువు నేల. కొళాయి ఆరు రోజులకొకసారి వస్తుంది. తాగే నీళ్ళ క్యాను ఆటోలో వస్తుంది, రాకపోతే లేదు. ఇక్కడ నీళ్ళు బంగారం. చుక్క కూడా పోగొట్టొద్దు." బడి అలవాటు పోదు కదా, దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టాను. తొమ్మిది పేజీలు నింపి ఇచ్చాను. అంత గర్వం నాకు రిటైరైన రోజు శాలువా కప్పించుకున్నప్పుడు కూడా కలగలేదు.

నిజంగానే నాలుగు నెలలు ఏ చిక్కూ లేకుండా గడిచిపోయాయి. పొద్దున్నే కేంద్రానికి పోయేటప్పుడు పెద్దమ్మ అరుగు మీద నుంచి "ఏం దొరసానీ, తింటివా?" అంటే, "తిన్నా పెద్దమ్మా, మీరు తింటిరా?" అని మా యాసలోనే జవాబిచ్చేది. గోడ పట్టుకొని కూడా నిలబడలేని ఒక ఆరేళ్ళ పిల్ల, మార్చిలో వాళ్ళమ్మ వేలు పట్టుకొని ఎనిమిది అడుగులు వేసిందట. దొరసాని మెట్లు ఎక్కకుండా తిన్నగా మా ఇంటికి వచ్చి ఆ ఎనిమిది అడుగులూ నాకు నడిచి చూపించింది.

ఉగాది పోయిన మూడో రోజు పెద్దమ్మ నన్ను పిలిచింది. ముఖం చూస్తేనే ఏదో తేడాగా ఉంది.

"ఆయమ్మను ఈ నెలాఖరుకు ఇల్లు వదిలిపెట్టమని చెప్పు."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమీ కాలేదు. నా ఇల్లు. నాకు పనుండాది."

ఎంత అడిగినా అంతే. పైకి పోయి దొరసానికి చెప్పి, ఒక్కొక్కటే అడిగాను. చేపలు వండావా? లేదు. చెప్పులతో లోపలికి పోయావా? లేదు. పెద్దమ్మను పేరు పెట్టి పిలిచావా? అయ్యో, లేదు. "పుస్తకంలో ఉన్నవన్నీ చేశాను టీచర్" అంది. ఈ వయసులో, ఊరు కాని ఊళ్ళో, తప్పేమిటో తెలియకుండానే వెళ్ళిపొమ్మనిపించుకోవడం!

మరుసటి రోజు పెద్దమ్మ దగ్గరికి మళ్ళీ పోయాను. వాకిట్లో కూర్చొని శనక్కాయలు వలుస్తోంది. నేనూ ఎదురుగా కూర్చొని వలవడం మొదలుపెట్టాను. చాట సగం నిండింది. అప్పుడు ఆవిడే బయటపడింది.

"పండగపూట కదా అని, పూర్ణం పెట్టిన ఓళిగలు తట్టలో పెట్టుకొని, ఈ మోకాళ్ళతో పద్దెనిమిది మెట్లు ఎక్కితినే! మిట్టమధ్యాహ్నం. నాలుక పిడచ కట్టుకపోయినాది. రమ్మన్నాది, కూర్చోమన్నాది, ఫ్యాను ఏసినాది, పదిమార్లు తాంక్సు తాంక్సు అన్నాది. చెంబెడు నీళ్ళు ఇయ్యలేదే! వాకిట్లోకి కుక్క వచ్చినా చిప్పలో నీళ్ళు పోస్తాము. కుక్కకన్నా హీనమా నేను?"

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నాకొక్కదానికే అనుకుంటివా? గ్యాసు బండ భుజాన మోసుకొచ్చినోనికి ఇయ్యలేదు. పోస్టాయనకు ఇయ్యలేదు. పెద్దమ్మ మేడమీద చెంబు నీళ్ళు పుట్టవని వీధంతా అనుకుంటాండారు. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి ఈ గడప తొక్కినోడు ఎవుడూ గొంతెండి పోలేదే. బాయి ఎండిపోయినప్పుడు కూడా పోలేదు. ఇప్పుడు నా ఇంటికి ఆ మాట తెస్తాదా?"

చాట పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. మా వైపు మనిషికి ఇంతకన్నా పెద్ద మాట లేదు. అన్నం లేదంటే అర్థం చేసుకుంటారు. వచ్చిన మనిషి ఎవరు, ఏం పని అని అడగకముందే ముంతో చెంబో చేతికి అందాలి. పగవాడైనా సరే, ముందు నీళ్ళు, తర్వాత తగాదా.

కోపంతో ఊగిపోతూ పద్దెనిమిది మెట్లూ ఎక్కాను. ముక్కు మీద కోపం అంటారే, అది నాదే. "ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వాలని కూడా తెలియదా మీ దేశంలో?" అని గుమ్మంలోనే అరిచాను. దొరసాని బిత్తరపోయింది. తర్వాత లోపలికి పోయి ఆ పుస్తకం తెచ్చి, పేజీ తెరిచి నా చేతికిచ్చింది.

నా దస్తూరీ. గుండ్రటి అక్షరాలు. కింద రెండు ఎర్ర గీతలు.

"ఇంత బంగారాన్ని నేను గ్లాసులో పోసి ఎదుట పెడితే, వాళ్ళు తాగలేక, వద్దనలేక ఇబ్బంది పడతారనుకున్నాను. నా దగ్గర నీళ్ళున్నాయని గొప్పకు చూపించినట్టు ఉంటుందనుకున్నాను" అంది. ఇంకా నెమ్మదిగా, "పిల్లల ఇళ్ళకు పోయినప్పుడు వాళ్ళు ఇస్తారు. నేను పరాయిదాన్ని కాబట్టి మర్యాదకు ఇస్తున్నారనుకొని, దాహమేసినా వద్దనేదాన్ని. వాళ్ళ నీళ్ళు వాళ్ళకే మిగలాలని."

నా తల తీసేసినట్టయింది. ఇవ్వకపోవడం ఒక ఎత్తు, పుచ్చుకోకపోవడం ఇంకో ఎత్తు! రెండూ నా చేతి రాతే. టవల్ వేసి సీటు పట్టుకోవడం దాకా రాసిన మహాతల్లిని, ఇది రాయలేదు. రాయాలని తట్టనే లేదు. ఊపిరి పీల్చుకో అని ఎవరైనా రాసిస్తారా? నేను బళ్ళో ఉన్నన్నాళ్ళూ పిల్లల ముందు తప్పైందని ఒక్కనాడు ఒప్పుకోలేదు. ఆ రోజు ఆమె మంచం అంచున కూర్చొని, "తప్పు నాది" అని మూడుసార్లు అన్నాను. మూడోసారికి ఏడుపొచ్చింది.

విచిత్రం ఏమిటంటే ఆమె నవ్వింది. ఫ్రాన్సులో మొదటి నెలంతా రొట్టెల దుకాణం ఆమె తన వంక చూడకుండా రొట్టె విసిరినట్టు ఇచ్చేదట. ఈమె ఎంతో మర్యాదగా, దయచేసి ఒక రొట్టె ఇవ్వండి, చాలా కృతజ్ఞతలు అని వాళ్ళ భాషలోనే చెప్పేది. అయినా అదే విసురు. చివరికి ఒక రోజు వెనకాల నిలబడ్డ ముసలాయన చెప్పాడట, అమ్మా, నువ్వు లోపలికి రాగానే నమస్కారం చెప్పకుండా రొట్టె అడుగుతున్నావు, ఇక్కడ అది పెద్ద మొరటుతనం అని. ముందు 'బోంజూర్', ఆ తర్వాతే ఏదైనా. ఇంటికి పోయి పుస్తకమంతా వెతికితే ఆ మాట ఎక్కడా లేదు. ముసలమ్మను అడిగితే నాలుక కరుచుకొని, "అది కూడా రాయాలా?" అందట.

"మీరూ అచ్చం ఆవిడ లాగే టీచర్" అంది దొరసాని. నీ ఇల్లు బంగారం కానూ, ఇల్లు పోతున్న వేళ నన్నే ఓదారుస్తావా అనుకున్నాను.

ఆ పూటే నేర్పాను. మనిషి మెట్ల మీద కనబడగానే లోపలికి పో. నీళ్ళు కావాలా అని అడగొద్దు, అడిగితే ఎవరూ కావాలనరు. కుడి చేత్తో ఇవ్వు. నీకు ఎవరైనా ఇస్తే వద్దనొద్దు, ఒక్క గుక్కైనా తాగు. అలా చెప్పి, కిందికి దిగి పెద్దమ్మ ముందు నిలబడి తప్పంతా నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ శనక్కాయ పొట్టు ఊదుకుంటూ విన్నది.

"నీ నోరు నాకు తెల్దా? పొద్దున్నుంచి మాపుదాకా చెప్తావు. ఆయమ్మ చేతి నీళ్ళు యాడుండాయి?" అంది. "ఇంకొకరికి మాటిచ్చినా. ఆదివారం చూసేకి వస్తాండారు."

ఆ వారం మా ఊరికి గడ్డు వారం. పైపు ఎక్కడో పగిలి కొళాయి తొమ్మిది రోజులు రాలేదు. నీళ్ళ ప్లాంటులో బోరు ఎండిపోయి క్యాన్ల ఆటో కూడా ఆగిపోయింది. ఇంటింటా ఉన్నది చూసుకొని చూసుకొని తాగుతున్నాం. ఎవరి దగ్గర ఎంత ఉందో ఎవరూ అడగరు, అదొక మర్యాద.

ఆదివారం పదకొండు గంటలకు కదిరి నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయనను వెంటబెట్టుకొని పెద్దమ్మ మేడ ఎక్కింది. మాట్లాడించడానికి నన్నూ రమ్మంది. మెట్టుకొకసారి ఆగి, మోకాలు పట్టుకొని, ఎక్కేసరికి ఆవిడ రొప్పుతోంది. గదిలో రెండు పెట్టెలు తెరిచి ఉన్నాయి. బట్టలు సగం సర్దింది. గోడకు పిల్లలు గీసిన బొమ్మలు అప్పుడే తీసినట్టున్నారు, దారాలు ఇంకా వేలాడుతున్నాయి.

దొరసాని మమ్మల్ని చూసింది. నమస్కారం కూడా పెట్టకుండా గబగబా లోపలికి పోయింది. వంటగదిలో క్యాను వంచిన చప్పుడు. మొదట బుడబుడమంది. తర్వాత చుక్క చుక్కగా. చాలాసేపు పట్టింది.

ప్లేటులో రెండు గ్లాసులు పెట్టుకొని వచ్చింది. రెండే. నాకు లేవు. ముందు ఆయనకిచ్చింది. పాపం, ఎండన పడి వచ్చాడు, గటగటా తాగేశాడు. రెండోది పెద్దమ్మకు ఇచ్చింది. కుడి చేత్తో.

పెద్దమ్మ గ్లాసును చూడలేదు. ఆమె భుజం మీదుగా వంటగది వైపు చూసింది. స్టాండు మీద క్యాను తలకిందులుగా ఉంది, దాని మూతి కింద చెంబు పెట్టి ఉంది. ఆ చెంబులో ఏమీ లేదని ఇక్కడి నుంచే తెలుస్తోంది.

"ఇంగ ఎన్ని నీళ్ళుండాయో అడుగు" అంది నాతో.

అడిగాను. "ఇవే. సాయంత్రం ఆటో వస్తుందేమోనంట" అని చెప్పాను.

పెద్దమ్మ గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా నోట్లో పోసుకుంది. సగంలో ఆపింది. కొంగుతో మూతి తుడుచుకొని, మిగిలిన సగం దొరసాని వైపు చాపింది.

"తాగు."

దొరసాని చేయి అలవాటు కొద్దీ వద్దన్నట్టు లేచింది. సగంలో ఆగి నా వైపు చూసింది. నా నోటి దాకా వచ్చింది. మింగేశాను. నా జన్మలో సలహా మింగడం అదే మొదటిసారి. ఆమె గ్లాసు అందుకుంది. పెద్దమ్మను చూసి తనూ పైకెత్తి పోసుకోబోతే కాస్త గడ్డం మీద పడి మెడ మీదికి జారింది. ఆ చుక్కలను వేలితో తుడిచి వేలు నాక్కుంది. పెద్దమ్మ ఫక్కున నవ్వింది. ఎన్ని రోజులకో ఆ నవ్వు!

తర్వాత కదిరి ఆయన వైపు తిరిగింది. "ఏమనుకోవద్దు నాయనా. ఇంకోచోట చూసుకో."

ఆయన అయోమయంగా పెట్టెల వంక చూశాడు. "అదేమవ్వా, సామాన్లు సర్దుకుంటాండారు కదా?"

"సర్దినట్లే తీస్తాది. ఈ ఇంట్లో మనిషి ఉండాది" అంది పెద్దమ్మ.

నేను తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చే పని పడలేదు. దొరసాని అప్పటికే పెట్టె ముందు కూర్చొని, ముఖం అటు తిప్పుకొని, పిల్లల బొమ్మలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. ఎనిమిది అడుగులు వేసిన పిల్ల గీసిన బొమ్మ అన్నిటికన్నా పైనుంది.

మెట్లు దిగేటప్పుడు పెద్దమ్మ నా భుజం మీద చేయి వేసింది. బరువంతా నా మీదే వేసింది. "ఏమే టీచరమ్మా, తొమ్మిది పేజీలు రాసినావంట. ముప్పై ఏండ్లు పిల్లోళ్ళకూ ఇట్లే చెప్తివా?" అంది.

ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టి, ఇంటికి పోయి, మా క్యానులో మిగిలిన నీళ్ళను రెండు చెంబులకు వంచుకొని, ఒకటి ఆవిడ పక్కన పెట్టి, రెండోదానితో మళ్ళీ మెట్లెక్కాను.